కారణం తెలియకుండా గ్లూకోజ్ సీసా ఎక్కించుకోకండి

తెల్లవారుజామున నాలుగున్నరకు శంషాబాద్ మేలుకునే ఉంటుంది. విమానాశ్రయం కార్గో షెడ్లలో రాత్రి షిఫ్టు దిగిన కుర్రాళ్లు, గల్ఫ్ విమానానికి బంధువును దించి జగిత్యాల వైపు తిరుగు ముఖం పట్టిన జీపులు, హోటల్ గదులు ఊడ్చి బయటికొచ్చిన ఆడవాళ్లు, కొత్తూరు వైపు ఫ్యాక్టరీ బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడ్డవాళ్లు కనిపిస్తారు. వీళ్లలో ఒకడి సంగతి అనుకుందాం. పాతికేళ్ల మగవాడు. రాత్రంతా పెట్టెలు మోశాడు. ఆకలి మీద ప్లేటు నిండా బిర్యానీ తిన్నాడు, తియ్యటి కూల్‌డ్రింకు తాగాడు, గదికి వెళ్లి ఒళ్లు తెలియకుండా పడుకున్నాడు. మెలకువ వచ్చేసరికి కాళ్లు లేవడం లేదు. తెలివి ఉంది, మాట ఉంది, గిల్లితే తెలుస్తోంది. కాళ్లు మాత్రం మంచానికి కట్టేసినట్టున్నాయి. గదిలో ఉన్నవాళ్లు "నీరసం రా, రాత్రంతా పని జేసినవ్ గదా" అంటారు. సందు చివరి ఆర్ఎంపీకి ఫోన్ చేస్తారు. ఆయన వచ్చి గోడ మేకుకు డీఎన్ఎస్ సీసా తగిలిస్తాడు.

ఈ హెచ్చరిక ఆ సీసా గురించి, దాని వెనక ఉన్న మన అలవాటు గురించి.

ఆ కుర్రాడికి వచ్చింది రక్తంలో పొటాషియం పడిపోవడం వల్ల కలిగే తాత్కాలిక పక్షవాతం కావచ్చు. అన్నం, మైదా, చక్కెర ఒకేసారి ఎక్కువగా కడుపులో పడితే ఇన్సులిన్ పెరుగుతుంది. ఇన్సులిన్ చక్కెరతో పాటు పొటాషియాన్ని కూడా రక్తంలోంచి కణాల్లోకి తోస్తుంది. మామూలు మనిషికి దీనివల్ల ఏమీ కాదు. ఈ జబ్బు తత్వం ఉన్నవాళ్లలో పొటాషియం ప్రమాదకరంగా పడిపోతుంది, కండరం నరం మాట వినడం మానేస్తుంది. ఒంటి కష్టం చేసి, కడుపు నిండా తిని, పడుకున్న తర్వాత తెల్లవారుజామున రావడం దీని ఆనవాయితీ. కొందరికి ఇది పుట్టుకతో వచ్చిన లోపం. ఇంకొందరిలో థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయడం అసలు కారణం. ఆ రకం ఆసియా దేశాల మగవాళ్లలో, అందులోనూ ఇరవై నుంచి నలభై ఏళ్ల వయసులో ఎక్కువ. రాత్రి షిఫ్టులు చేసే మన కుర్రాళ్లది సరిగ్గా అదే వయసు.

ఇప్పుడు ఆ సీసాలో ఉన్నదేమిటో చూడండి. డీఎన్ఎస్ అంటే ఉప్పునీళ్లలో కలిపిన గ్లూకోజ్. అది నరంలోకి పోతే మళ్లీ ఇన్సులిన్ లేస్తుంది, మిగిలిన పొటాషియం కూడా కణాల్లోకి పోతుంది. కాళ్లతో ఆగాల్సిన బలహీనత చేతులకు పాకవచ్చు, గుండె లయ తప్పవచ్చు. నీరసానికని కట్టిన సీసాయే జబ్బును ముదరబెడుతుంది. తెల్లవారుజామున పిలిస్తే పలికే మనిషి చాలా బస్తీల్లో ఆర్ఎంపీ ఒక్కడే, ఆ సాయాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ కాళ్లు చచ్చుబడిన మనిషికి ఆ గదిలో చేయగలిగిన వైద్యం లేదు. కావలసింది ఆసుపత్రి, ఒక ఈసీజీ, గంటలో ఫలితం వచ్చే ఒక రక్తపరీక్ష.

ఒక్క మినహాయింపు ఉంది, అది కూడా ముఖ్యమే. షుగరు జబ్బుకు ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడే మనిషి చెమటలు పట్టి, వణికిపోతూ, తికమకగా మాట్లాడుతుంటే అది షుగరు పడిపోవడం కావచ్చు. గ్లూకోమీటర్ ఉంటే వేలు గుచ్చి చూడండి, తెలివి ఉండి మింగగలిగితే వెంటనే చక్కెర నీళ్లు తాగించండి.

పొటాషియం తక్కువైతే కొబ్బరి బోండాలు తాగిస్తే పోతుంది కదా అని ఎవరైనా అంటారు. ఈ ఆలోచన సీసా కంటే ప్రమాదకరం, ఎందుకంటే ఇది తెలివైన సలహాలా వినిపిస్తుంది. రక్తంలో పొటాషియం లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోల్ దాకా ఉండాలి. అంతకన్నా బాగా తగ్గినా కాళ్లు పడిపోతాయి, బాగా పెరిగినా కాళ్లు పడిపోతాయి. మంచం పక్కన నిలబడి చూస్తే రెండూ ఒక్కలాగే ఉంటాయి. కిడ్నీ పాడైనవాళ్లలో, బీపీకి టెల్మిసార్టాన్, రామిప్రిల్ వంటివి వాడేవాళ్లలో, గుండెకు స్పైరోనోలాక్టోన్ వాడేవాళ్లలో పొటాషియం పెరిగే వీలుంది. ఒక పెద్ద బోండంలో అర గ్రాముకు పైనే పొటాషియం ఉంటుంది. బీపీకి మంచిదని అమ్మే తక్కువ సోడియం ఉప్పులో సోడియం బదులు కలిపేది ఎక్కువగా పొటాషియమే. అలాంటి మనిషికి "కాళ్లు లాగుతున్నాయి" అనగానే రోజుకు మూడు బోండాలు తాగిస్తే గుండె ఆగే దాకా తెచ్చుకోవచ్చు. ఒకే లక్షణం, రెండు వ్యతిరేక కారణాలు. ఒకరిని నిలబెట్టేది ఇంకొకరిని చంపుతుంది. ఎవరికి ఏది అన్నది నాడి పట్టుకుంటే తెలియదు, ముఖం చూస్తే తెలియదు, రక్తం చెప్పాలి. అలాగని డాక్టరు రాసిన బీపీ మాత్రలు సొంతంగా ఆపేయకండి. మాత్రల చీటీ పట్టుకెళ్లి చూపించండి.

తిండి మీద మనకున్న నమ్మకం వట్టిది కాదు. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ పుట్టుకే దీనికి సాక్ష్యం. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఒక చిన్న గదిలో బెరిబెరి మీద మొదలుపెట్టిన పరిశోధనే 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చి, 1969లో ఇప్పటి పేరు పెట్టుకుంది. ఆ బెరిబెరి మనకు పరాయి జబ్బు కాదు. ఉత్తర సర్కారు జిల్లాల్లో, అంటే మన కోస్తాలో, మర పట్టిన పచ్చి బియ్యం తిన్నవాళ్లను అది పీడించింది. మొదట పిక్కలు నొప్పి పుట్టేవి, గొంతుకూర్చుంటే లేవడం కష్టమయ్యేది, తర్వాత పాదాలు వేలాడేవి. తవుడుతో పాటు విటమిన్ బి1 పోవడమే కారణం. ఉప్పుడు బియ్యం తినేవాళ్లలో అది తక్కువ, ఎందుకంటే వడ్లను ఉడకబెట్టినప్పుడు ఆ విటమిన్ గింజలోకి ఇంకుతుంది. కాబట్టి తిండి వల్ల కండరం పడిపోవడమూ నిజమే, తిండితో లేవడమూ నిజమే.

ఈ రోజుకీ రోజూ తాగి, అన్నం సరిగా తినని మనిషిలో బి1 అడుగంటి ఉంటుంది. అతన్ని నీరసమని పడుకోబెట్టి గ్లూకోజ్ ఎక్కిస్తే, ఉన్న కాస్త బి1 ఆ చక్కెరను అరాయించడానికే ఖర్చయిపోయి మెదడు దెబ్బతినవచ్చు. అందుకే డాక్టర్లు అలాంటివాళ్లకు గ్లూకోజ్‌తో పాటు, వీలైతే దానికి ముందే, బి1 ఇంజెక్షన్ ఇస్తారు. కాబట్టి తాగే అలవాటు ఉంటే దాచకండి. కల్లు కాంపౌండుకు వెళ్లే అలవాటైనా సరే చెప్పండి. ఇంటి పరువు కోసం భార్య దాచిపెట్టిన మాట మంచం మీదున్నవాడి మెదడును తీసుకుపోవచ్చు.

తిండే జబ్బు తెచ్చిన సందర్భాలు కూడా మన చరిత్రలోనే ఉన్నాయి. ఖేసరి పప్పు, మన దగ్గర లంక పప్పు అంటారు, కరువు రోజుల్లో అదే ముఖ్యాహారమైన చోట్ల కాళ్లు బిగుసుకుపోయి కర్ర పట్టుకుని నడిచేవాళ్లు తయారయ్యారు. దానిలోని విషాన్ని 1964లో వేరుచేసి చూపినవాళ్లు ఎస్.ఎల్.ఎన్. రావు, అడిగ, శర్మ. ఆ రావుగారు తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయంలో దాని మీదే ఏళ్ల తరబడి పనిచేశారు. ఇక నీళ్ల సంగతి నల్లగొండకు చెప్పక్కర్లేదు. ఫ్లోరైడ్ వెన్నెముకను గట్టిపరచి, లోపలి నరాల త్రాడును నొక్కితే కాళ్లు చచ్చుబడతాయి. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లా మనుషుల్లో దీన్ని గుర్తించి రాశారు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీరు లేకపోతే ఒకటిన్నర దాకా భరించవచ్చని ప్రమాణం. విమానాశ్రయం చుట్టూ లేచిన కొత్త కాలనీలు, లేబర్ క్యాంపులు బోర్ల మీద, ట్యాంకర్ల మీద బతుకుతున్నాయి. ఆ నీళ్లు పరీక్షకు ఇవ్వడం తేలిక, ఖర్చు కూడా తక్కువ. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి నడుము, మోకాళ్లు బిగుస్తుంటే ముందు నీళ్లు చూపించండి.

ఇక్కడ ఒక తెలుగువాడి గురించి చెప్పాలి. కండరం దేనితో నడుస్తుందో లోకానికి చెప్పినవాళ్లలో భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని ఆయన వెలికితీశారు. మీరు ఈ పుట తిప్పడానికి వేలు కదిపితే ఖర్చయ్యేది అదే. స్ప్రూ అనే పేగు జబ్బు ఆయన సోదరులను బలితీసుకుంది, ఆయన్నీ పడగొట్టింది. ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో ఆయన కోలుకున్నారని జీవితచరిత్రలు చెబుతాయి. తర్వాత ఆయన నడిపిన లెడర్లే పరిశోధనశాలలోనే 1945లో ఫోలిక్ ఆసిడ్ తయారైంది. స్ప్రూకు, గర్భిణుల రక్తహీనతకు అది అమృతంలా పనిచేసింది.

దాని వెంటే ఒక పాఠం కూడా వచ్చింది. అప్పట్లో పెర్నీషియస్ ఎనీమియా అనే రక్తహీనతకు కూడా ఫోలిక్ ఆసిడ్ ఇచ్చి చూశారు. రక్తం లేచింది, ముఖాల్లోకి రంగు వచ్చింది, అంతా బాగుందనుకున్నారు. కొంతమందిలో ఆ కాలంలోనే కాళ్లు తిమ్మిరెక్కి, నడక తూలి, వెన్నుపాము దెబ్బతినసాగింది. వాళ్లకు తక్కువైంది బి12. దాన్ని 1948లో గానీ విడదీయలేకపోయారు, అదే ఏడు ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. ఫోలిక్ ఆసిడ్ రక్తాన్ని బాగుచేసి, లోపల నరాలు కాలిపోతున్న సంగతిని కప్పేసింది. మంచి మందే, సరైన చోట ప్రాణం పోసే మందే, కారణం తెలియని చోట ఇస్తే జబ్బుకు ముసుగు వేసింది.

అదే ముసుగు ఇవాళ మన మెడికల్ షాపు గల్లా మీద దొరుకుతోంది. కాళ్లలో సత్తువ తగ్గిన మనిషి నేరుగా వెళ్లి బీకాంప్లెక్స్ సూది వేయించుకుంటాడు, నెల తర్వాత ఆసుపత్రికి వెళ్తాడు. అప్పటికి రక్తంలో బి12 నిండుగా కనిపిస్తుంది, అసలు లోపం ఉందో లేదో తేలదు, నరాలకు జరిగిన దెబ్బ మాత్రం అలాగే ఉంటుంది. మాంసం, గుడ్డు, పాలు అసలు ముట్టనివాళ్లకు, ఏళ్లుగా షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకు, రోజూ పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకునేవాళ్లకు బి12 తగ్గే అవకాశం ఎక్కువ. ఈ మూడింటిలో ఒకటైనా మీకు వర్తిస్తే డాక్టరుకు చెప్పి ముందు రక్తం ఇవ్వండి. సూది అదే రోజు సాయంత్రం వేయించుకోవచ్చు. ఆలస్యం అయ్యేది కొన్ని గంటలే.

జుట్టు ఊడకుండా వాడే బయోటిన్ మాత్రలది ఇంకో తీరు. అవి శరీరానికి చేసే హాని కన్నా రక్తపరీక్షకు చేసే హాని ఎక్కువ. పెద్ద మోతాదులో వాడితే కొన్ని యంత్రాల్లో థైరాయిడ్ అతిగా పనిచేస్తున్నట్టు లేనిపోనిది చూపిస్తుంది, గుండెపోటును పట్టే ట్రోపోనిన్ తక్కువగా చూపిస్తుంది. అమెరికా ఎఫ్‌డీఏ 2017లోనే దీని మీద హెచ్చరించింది. కండరాల బలహీనతకు థైరాయిడ్ పరీక్ష తప్పనిసరి కాబట్టి, పరీక్షకు ఎన్ని రోజుల ముందు ఆపాలో డాక్టరును అడిగి ఆపండి.

విటమిన్ డి తగ్గితే తొడలు, తుంటి బలహీనపడతాయి, నేల మీంచి లేవడానికి గోడ పట్టుకోవాలి. రాత్రి పనిచేసి పగలు తలుపు వేసుకుని పడుకునేవాళ్లకు ఎండ తగలదు, వాళ్లు ఇది చూపించుకోవాల్సిందే. కానీ ఆరు లక్షల యూనిట్ల సూదులు వారం వారం వేయించుకునేవాళ్లున్నారు. డి ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగి, వాంతులు, మలబద్ధకం, కిడ్నీ దెబ్బతో పాటు మళ్లీ అదే బలహీనత వస్తుంది. పేరు లేని పొడుల సంగతి మరీ దారుణం. ఆయుర్వేదం మీద నాకు గౌరవం ఉంది, అయితే లేబులు లేని డబ్బాలో ఇచ్చే భస్మంలో సీసం ఉండవచ్చు, "వారంలో లేచి నడుస్తావు" అనే పొడిలో స్టెరాయిడ్ కలిసి ఉండవచ్చు. స్టెరాయిడ్ మొదటి వారం నిజంగానే హుషారు తెస్తుంది. నెలల తరబడి వాడితే తొడ కండరాలను అదే కరిగిస్తుంది. ఏది తిన్నా ఆ డబ్బాను పారేయకండి. డాక్టరుకు చూపించడానికి సంచిలో పెట్టుకోండి.

మన పత్యం కథ ఒకటి ప్రత్యేకంగా చెప్పాలి. నీరసంగా ఉన్న పిల్లాడికో పెద్దవాడికో రక్తపరీక్ష చేస్తారు. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ ఎక్కువ వచ్చాయంటారు. వెంటనే ఇంట్లో అందరూ "కామెర్లు" అనేస్తారు. పసరు పోస్తారు, నూనె మాన్పిస్తారు, పప్పు మాన్పిస్తారు, చప్పిడి కూడు పెడతారు. నెలలు గడుస్తాయి, అంకెలు దిగవు, మనిషి చిక్కిపోతాడు. ఆ రెండు ఎంజైములు కాలేయంలోనే కాదు, కండరంలో కూడా ఉంటాయి. కండరం లోపల చితుకుతున్నా అవి పెరుగుతాయి. కళ్లు పచ్చబడకుండా, బిలిరుబిన్ మామూలుగా ఉండి ఇవి రెండూ పెరిగితే సీపీకే అనే పరీక్ష చేయించమని అడగండి. దాదాపు ప్రతి ల్యాబులోనూ చేస్తారు. అది వేలల్లో వస్తే జబ్బు కండరానిది. ఆ చప్పిడి పత్యం, అసలే కరిగిపోతున్న కండరానికి మాంసకృత్తులు కూడా అందకుండా చేసింది.

మగపిల్లల్లో వచ్చే డుషెన్ కండర క్షీణతను మనం చాలాసార్లు ఇలాగే గుర్తించకుండా వదిలేస్తాం. నాలుగైదేళ్ల పిల్లాడి పిక్కలు లావుగా, గట్టిగా ఉంటాయి. పుష్టిగా ఉన్నాడని మురిసిపోతాం. కింద కూర్చుంటే తన తొడల మీద తానే చేతులు వేసుకుని ఎక్కినట్టు లేస్తాడు. బద్ధకమని కసురుతాం, నెయ్యి పోస్తాం, హార్లిక్స్ కలుపుతాం, నూనె మర్దన చేస్తాం. ఆ లేచే తీరును ఫోన్లో వీడియో తీసి డాక్టరుకు చూపించండి. పది నిమిషాల మాటల కన్నా అది ఎక్కువ చెబుతుంది. ఇంకా చిన్న పిల్లల్లో, మెడ నిలపలేకపోతే, కాళ్లు ఆడించడం తగ్గితే వారాలు కూడా ఆగకండి. వెన్నుపాము కండర క్షీణత అనే జబ్బుకు ఇప్పుడు మందులున్నాయి. అవి ఎంత త్వరగా మొదలైతే అంత మిగులుతుంది. మేనమామ కూతురినో మేనత్త కొడుకునో చేసుకున్న ఇళ్లలో ఇలాంటి వారసత్వ జబ్బులు కొన్ని ఎక్కువగా కనిపిస్తాయి. డాక్టరు మేనరికమా అని అడిగితే తప్పు పట్టుకోకండి, అది మీ పెళ్లి మీద తీర్పు కాదు.

కారణం తేలడానికి ఒక్కోసారి వారాలు పడుతుంది, జన్యు పరీక్ష అయితే నెలలు. అన్నాళ్లూ తినకుండా ఉండలేం. అయితే ఆలోగా తిండి పని జబ్బును తరిమేయడం కాదు, మనిషిని నిలబెట్టి ఉంచడం. పెద్ద భోజనం ఒక్కసారి కాకుండా చిన్న భోజనాలు నాలుగైదు సార్లు తినండి. రాత్రి షిఫ్టు అయ్యాక బిర్యానీ, కూల్‌డ్రింకు కలిపి కొట్టి పడుకోవడం ఇప్పటికైతే మానేయండి. ఉపవాసాలు ఆపండి. కొన్ని కండర జబ్బుల్లో కడుపు ఖాళీగా ఉంటే కండరం కరుగుతుంది. దేవుడికి తర్వాత చెల్లించుకోవచ్చు. ఆరోగ్యవంతుడైన పెద్ద మనిషికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పింది. అరవై కిలోల మనిషికి యాభై గ్రాములు. ఒక గుడ్డులో సుమారు ఆరు గ్రాములు ఉంటాయి. ఇక పప్పు, పెరుగు, పల్లీలు, శనగలు, చేప ఏది దొరికితే అది. చెంచాడు పప్పుచారుతో కుండెడు అన్నం తినే పద్ధతిలో ఆ మాంసకృత్తులు అందవు. జిమ్ వాళ్లు అమ్మే ప్రోటీన్ పొడి మాత్రం డాక్టరు కిడ్నీ చూశాక.

మింగడం కష్టమైతే తిండి పద్ధతి పూర్తిగా మారాలి. చాలామంది గట్టి అన్నం మాన్పించి పల్చటి మజ్జిగ, నీళ్లు పోస్తారు. గొంతు కండరం బలహీనపడ్డవాళ్లకు పల్చటివే ఊపిరితిత్తుల్లోకి జారతాయి. నీళ్ల కన్నా చిక్కటి రాగి జావ, మెత్తగా కలిపిన పెరుగన్నం సులువుగా దిగుతాయి. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి దించి, చెంచా చెంచాగా పెట్టండి. పడుకోబెట్టి పోయకండి. తినేటప్పుడు దగ్గు వస్తున్నా, నీళ్లు ముక్కులోంచి వస్తున్నా, నములుతుంటే దవడ అలిసిపోతున్నా అది మామూలు నీరసం కాదు. మయస్థీనియా వంటి జబ్బుల్లో పొద్దున బాగానే ఉండి సాయంత్రానికి కనురెప్పలు వాలిపోతాయి. మనవాళ్లు దాన్ని నిద్రమత్తు అనుకుంటారు.

ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. ఏ రోజు, ఏ పూట, ఏం తిన్నాక, ఏం పని చేశాక బలహీనత వచ్చింది, ఎంతసేపు ఉంది, మెట్లు ఎక్కడం కష్టమా, చెప్పు జారిపోతోందా, తల దువ్వుకోలేకపోతున్నారా, సీసా మూత తిప్పలేకపోతున్నారా రాయండి. తొడ కండరం పోవడం వేరు, పాదం పట్టు పోవడం వేరు. డాక్టరు దారి అక్కడే చీలుతుంది. "ఒళ్లంతా నీరసం సార్" అన్న మాటతో ఆయనకు ఏ దారీ తెరుచుకోదు.

ఇవి కనిపిస్తే మాత్రం పుస్తకాలు, జావలు పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి. బలహీనత పాదాల నుంచి పైకి గంటల్లో, రోజుల్లో పాకుతోంది. పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చుంటున్నారు. ఒక్క ఊపిరిలో ఇరవై దాకా లెక్కపెట్టలేకపోతున్నారు. మాట ముక్కుతో వస్తోంది, లాలాజలం మింగలేకపోతున్నారు. మూత్రం కోకాకోలా రంగులో వస్తోంది. నడుము నొప్పితో పాటు కాళ్లు పడిపోయి మూత్రం ఆగిపోయింది. ఒకవైపు చెయ్యి, కాలు, మూతి ఉన్నట్టుండి పడిపోయాయి. ఈ చివరిది పక్షవాతం. రక్తపు గడ్డ కరిగించే మందుకు ఉన్న గడువు నాలుగున్నర గంటలు, అందులో ఒక్క నిమిషం కూడా సీసాకు ఇవ్వకండి.

కరోనా కాలంలో కొన్న ఆక్సీమీటర్‌ను నమ్మి ఆగకండి. వేలికి పెడితే 98 చూపిస్తుంది, "ఏం లేదు" అంటారు. శ్వాస కండరాలు అలిసిపోతున్నప్పుడు ఆ అంకె చివరి దాకా బాగానే ఉండి, పడినప్పుడు ఒక్కసారిగా పడుతుంది. 2025 జనవరిలో పుణేలో మొదలైన గిలాన్-బారే సిండ్రోమ్ అనే నరాల జబ్బు కేసులు తర్వాత రెండు వందలు దాటాయి, కలుషిత నీళ్లు అనుమానంలోకి వచ్చాయి. విరేచనాలు తగ్గిన వారం పది రోజులకు కాళ్లు తిమ్మిరెక్కడం, తర్వాత బరువెక్కడం దాని తీరు. విరేచనాల నీరసమే ఇంకా పోలేదనుకుని ఓఆర్ఎస్ తాగుతూ కూర్చుంటే వెంటిలేటర్ అవసరమయ్యే గంట దాటిపోతుంది.

శంషాబాద్‌కు ప్రత్యేకమైన ప్రమాదం మరొకటి ఉంది. ఇక్కడి నుంచి జనం ఎగిరిపోతారు. విమానం లోపలి గాలి సుమారు 2,400 మీటర్ల కొండ మీద ఉన్నంత పల్చగా ఉంటుంది. శ్వాస కండరాలు బలంగా ఉన్నవాళ్లకు అది తెలియదు. బలహీనపడ్డ మనిషికి నాలుగు గంటల దుబాయ్ ప్రయాణం కూడా ఎక్కువే. గల్ఫ్ ఉద్యోగం పోతుందనే భయంతో కాళ్ల బలహీనతను మెడికల్ పరీక్షలో దాచేవాళ్లున్నారు. అక్కడ ఎండలో పనిచేస్తూ కండరం చితికి, కిడ్నీ పోయి, వీల్‌చైర్‌లో ఇదే విమానాశ్రయంలో దిగడం కన్నా ఇక్కడ ఒక నెల ఆగడం మేలు. అక్కడి నుంచి వస్తున్నవాళ్లు బలహీనతతో ఉంటే ముందుగా ఎయిర్‌లైన్‌కు చెప్పి, డాక్టరుతో వైద్య ఫారం నింపించుకుని ఎక్కండి.

ఎక్కడికి వెళ్లాలన్నది తెలియక సీసా దగ్గర ఆగిపోయేవాళ్లు ఎక్కువ. ప్రాణం మీదికి వస్తే, ఐసీయూ ఉన్న దగ్గరి ఆసుపత్రి ఏదైనా సరే. నెమ్మదిగా వచ్చే బలహీనత అయితే పీవీ ఎక్స్‌ప్రెస్ వే ఎక్కి మెహదీపట్నంలో దిగి పంజాగుట్ట నిమ్స్ న్యూరాలజీకి, లేదా ఉస్మానియాకు, గాంధీకి వెళ్లండి. అరుదైన జబ్బుల జాతీయ విధానం కింద ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ, నిమ్స్ కలిసి మన ప్రాంతానికి గుర్తింపు పొందిన కేంద్రం. ఆ విధానంలో చేరిన జబ్బులకు 50 లక్షల దాకా కేంద్ర సాయానికి దరఖాస్తు అక్కడి నుంచే వెళ్తుంది. ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణ రాష్ట్రం 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచింది. కార్డు ఇంట్లో బీరువాలో కాదు, రిపోర్టుల సంచిలో ఉండాలి.

శంషాబాద్, కొత్తూరు, నందిగామ వైపు మనుషులను పనికి పెట్టుకున్న కాంట్రాక్టర్లకు, హాస్టళ్లు నడిపేవాళ్లకు ఒక మాట. మీ గదుల గోడ మీద 108 పక్కన ఒక్క వాక్యం రాయించండి: కాళ్లు చేతులు పడిపోతే సెలైన్ పెట్టించకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. వెంట వెళ్లే స్నేహితుడు మూడు సంగతులు గుర్తుపెట్టుకుంటే చాలు. రాత్రి ఏం తిన్నాడు, ఏ మాత్రలు వాడతాడు, ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా అయిందా. అక్కడికి వెళ్లాక, సూది పట్టుకున్న మనిషి ఎవరైనా సరే మర్యాదగా అడగండి: "సార్, సీసా పెట్టేముందు పొటాషియం చూసిండ్రా?"